నాన్న పేరు మీద విశాఖలో హాఫ్ మారథాన్, డయాలసిస్ వాళ్ల కోసం విరాళాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

సోంపేట_అబ్బాయి:

నాన్నగారు కిడ్నీ జబ్బుతో పోయారు. మాది ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం), కాబట్టి ఆ సంగతి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మార్గశిరంలో సంవత్సరీకం. దానికి కాస్త అటూ ఇటూగా విశాఖలో నేవీ మారథాన్ ఉంటుంది కదా, అందులో 21.1 కి.మీ. పరిగెత్తి, ఆయన పేరు మీద డబ్బు పోగుచేసి డయాలసిస్ రోగులకు ఇవ్వాలని ఉంది.

వయసు 36. ప్రస్తుతం 5 కి.మీ. ఆగకుండా 40 నిమిషాల్లో పరిగెడతాను. ఉండేది హైదరాబాద్‌లో. ఇంకా 21 వారాల టైముంది.

అనుమానాలు: ఈ టైములో హాఫ్ సాధ్యమేనా? డబ్బు నా ఫోన్‌పే నంబరుకి వేయించుకుని చివర్లో ఒకేసారి ఇచ్చేస్తే సరిపోతుందా? అమెరికాలో ఉన్న చుట్టాలు ఎలా పంపాలి? మా చిన్నాన్న అయితే "ఒక డయాలసిస్ మిషన్ కొని ఊరికిచ్చేద్దాం, పేరుంటుంది" అంటున్నాడు. టీషర్టు మీద నాన్న ఫోటో వేయించుకోవాలని కూడా ఉంది.

నెమ్మది_పరుగు:

21 వారాలు దండిగా సరిపోతాయి. ఐదు కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలుగుతున్నారంటే సగం పని అయినట్టే. కానీ షూ కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది, పైగా ఊరు ఉద్దానం. ముందు బీపీ చూపించుకుని, సీరం క్రియాటినిన్ (దాంతో ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంతమేర వడకడుతోందన్న లెక్క కూడా వస్తుంది), మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, ఈ రెండూ చేయించండి. నాన్నగారికి ఉన్నది కిడ్నీల్లో తిత్తులు వచ్చే వంశపారంపర్య రకమైతే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. అప్పుడు అల్ట్రాసౌండ్ కూడా కావాలి. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఎండలో ఒళ్లు వంచి పనిచేయడం, తగినన్ని నీళ్లు తాగకపోవడం మీద కూడా అనుమానం ఉంది. మీరు చేయబోయేది అచ్చం అలాంటి శ్రమే కాబట్టి ఈ జాగ్రత్త.

ఒక చిక్కు: ఆదివారం లాంగ్ రన్ చేసి సోమవారం ల్యాబుకి వెళ్లకండి. గట్టిగా పరిగెత్తిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. అది చూసి లేనిపోని భయం పట్టుకుంటుంది. కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే రక్తం ఇవ్వండి. జిమ్ పొడుల్లో క్రియాటిన్ వాడుతుంటే అది కూడా రిపోర్టులో అంకె పెంచుతుంది, డాక్టరుకి చెప్పండి.

ఇక పరుగు. వారానికి నాలుగు రోజులు చాలు. మంగళవారం 5 కి.మీ. తీరిగ్గా. గురువారం 5 లేదా 6, అందులో ఏదో ఒక ఫ్లైఓవర్ నాలుగుసార్లు ఎక్కి దిగండి. శుక్రవారం 4, మరీ నెమ్మదిగా. ఆదివారం లాంగ్ రన్. ఆదివారం దూరాలు 6, 7, 8, తర్వాత మళ్లీ 6కి తగ్గండి. ఆపైన 9, 10, 11, మళ్లీ 8. అంటే మూడు వారాలు పెంచి నాలుగోవారం దించడం. ఇలా 16వ వారానికి 17 దాటి దింపుడు కూడా అయిపోతుంది. 17వ వారం 18, 18వ వారం 19, తర్వాత 13, 8, ఆ పై ఆదివారం రేసు. శిక్షణలో 21 పూర్తిచేయాల్సిన పని లేదు.

జనం దెబ్బతినేది ఆ నాలుగోవారం దగ్గరే. ఒంట్లో బాగానే ఉంది కదా అని దింపకుండా పెంచుకుంటూ పోతారు. ఊపిరి నెలలో అలవాటు పడుతుంది, పిక్క ఎముక (మోకాలి కింద ముందువైపు ఉండేది), మడమ నరం అలవాటు పడటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పిక్క ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేట్టు ఉంటే అది కండరాల నొప్పి కాదు, పరుగు ఆపి చూపించుకోవాలి.

వేగం గురించి: ఇప్పుడు మీది కిలోమీటరుకి 8 నిమిషాలు. రేసులో 7:30 పట్టుకున్నా 2 గంటల 38 నిమిషాల్లో ముగుస్తుంది. అంతకంటే ఆశపడక్కర్లేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే శిక్షణ వేగం. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనే పద్ధతి మొదటి కిలోమీటరు నుంచే పెట్టుకుంటే చివరి ఐదు కిలోమీటర్లలో మిమ్మల్ని దాటేసినవాళ్లు మళ్లీ కనిపిస్తారు.

నీళ్ల లెక్క ఊహతో వద్దు. గంట పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు విప్పేసి బరువు చూడండి. 0.8 కిలోలు తగ్గి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే మీ చెమట గంటకి 1.1 లీటర్లు. మొత్తం పూడ్చాల్సిన పని లేదు, తగ్గుదల ఒంటి బరువులో 2 శాతం లోపు ఉంటే చాలు. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే మాత్రం ఎక్కువ తాగేశారని అర్థం. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది దాహం కంటే ప్రమాదం. గంట దాటిన పరుగుకి ఓఆర్‌ఎస్ కలుపుకోండి. లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే, సగం నీళ్లలో చిక్కగా కాదు. బీపీ ఉందని తేలితే ఉప్పు సంగతి డాక్టర్ని అడిగాకే.

అన్నిటికంటే ముఖ్యం: నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఏదైనా సరే, రేసు ముందు రోజూ, రేసు రోజూ, మర్నాడూ ముట్టుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ఏర్పాటునే ఇవి అడ్డుకుంటాయి. 80 కి.మీ. పరుగుల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి తాత్కాలికంగా కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. మీది అంత దూరం కాదు, కానీ మీ ఇంటి చరిత్ర వేరు. పరుగు తర్వాత మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఇంటికి కాదు, తిన్నగా ఆసుపత్రికి.

డయాలసిస్_టెక్నీషియన్:

మీ చిన్నాన్నగారికి నచ్చజెప్పండి, మిషన్ వద్దు. మిషన్ ఒక్కటే వస్తే అది అట్టపెట్టెలో పడి ఉంటుంది. నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటలకి ఒక్క రోగికి 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. అది మామూలు ఇంటి ఆర్వో నీరు కాదు, దానికి వేరే ప్లాంటు, ఆ నీటికి క్రమం తప్పకుండా పరీక్షలు. ఆపైన డయలైజరు (రక్తాన్ని వడకట్టేది), రక్తపు గొట్టాలు, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి) సూదులు, బైకార్బొనేట్ ద్రావణం ప్రతి సెషన్‌కీ కావాలి. టెక్నీషియన్ జీతం, ఏటేటా మెయింటెనెన్స్ ఒప్పందం సరేసరి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మిషన్ ఆగుతుంది. మిషన్ మీద పేరు మాత్రం ఉంటుంది.

సెషన్ ఖర్చు కోసం కూడా సాధారణంగా డబ్బు అక్కర్లేదు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద అర్హత ఉన్నవాళ్లకి డయాలసిస్ ఉచితమే. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను కూడా ఉంది. ఉద్దానం వాళ్లకి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చింది. మరి డబ్బు ఎక్కడ చాలట్లేదు? దారి ఖర్చులో. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 ప్రయాణాలు, ప్రతిసారీ తోడు ఒక మనిషి. ఆ మనిషికి ఆ రోజు కూలి పోయినట్టే. రానూపోనూ ఆటోకి రూ.300 అనుకుంటే ఏడాదికి రూ.46,800. దారి ఖర్చుకి జడిసి వారానికి మూడు రావాల్సినవాళ్లు రెండుసార్లే వస్తారు, నీరు ఊపిరితిత్తుల్లో చేరి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగు. కాబట్టి "ఒక మనిషికి ఏడాది ఆటో" అన్నది అడగడానికి సులువు, ఇచ్చేవాళ్లకి అర్థమవుతుంది, నిజంగా పనికొస్తుంది. రక్తం పెరగడానికి వేసే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు స్టాకు లేనప్పుడు బయట కొనాల్సిన ఖర్చు రెండోది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వర్ధంతి అని పళ్లూ కొబ్బరిబోండాలూ పట్టుకుని డయాలసిస్ వార్డుకి వస్తుంటారు. ఉద్దానం అంటేనే కొబ్బరితోటలు, కాబట్టి మీకు కూడా ఆ ఆలోచన వస్తుంది. కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం, వీటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. ఎదురుగా పెట్టి తినొద్దంటే రోగికి నరకం. పులిహోర పొట్లాలదీ అదే కథ: ఉప్పు, దాహం, మళ్లీ నీళ్లు. లాంగ్ రన్ తర్వాత కొబ్బరిబోండం మీరు నిక్షేపంగా తాగండి, వార్డుకి మాత్రం తేవద్దు.

వస్తువే ఇవ్వాలని ఉంటే పల్చటి ఉతికే దుప్పట్లు ఇవ్వండి. నాలుగు గంటలు రక్తం బయట తిరుగుతుంటే చాలామందికి వణుకొస్తుంది. ఫిస్టులా చెయ్యి బయటే కనిపిస్తూ ఉండాలి కాబట్టి సింగిల్ సైజు చాలు, బరువైన రగ్గులు వద్దు. తోడు వచ్చినవాళ్లకి మధ్యాహ్నం భోజనం కూడా మంచి ఖర్చే. ప్రభుత్వాసుపత్రికి ఏదిచ్చినా ముందు సూపరింటెండెంటు దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

పద్దు_పుస్తకం:

డబ్బు మీ ఫోన్‌పేలోకి వద్దు. ఎవరూ అనుమానిస్తారని కాదు, లెక్క మీ మెడకే చుట్టుకుంటుంది. దగ్గరి బంధువులు కానివాళ్ల దగ్గర్నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చింది మొత్తం రూ.50,000 దాటితే, దాటిన ముక్క కాదు, మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. మీరు ట్రస్టుకి ఇచ్చేశానన్నా, ఇచ్చినవాళ్లకి రసీదు రాదు, రసీదు మీ పేరు మీదే వస్తుంది.

సరైన దారి: ముందు ట్రస్టు, తర్వాతే ప్రచారం. కిడ్నీ రోగుల కోసం ఇప్పటికే పనిచేస్తున్న ట్రస్టుని వెతకండి, కొత్తది పెట్టకండి. వాళ్ల దగ్గర అడగాల్సినవి: 12ఏ (ట్రస్టుకి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు) ఆర్డర్ల కాపీలు (గడువు తేదీ చూడండి, తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయితే మధ్యలో అయిపోవచ్చు), ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ సైటు) నంబరు, గత రెండేళ్ల ఆడిట్ లెక్కలు. ఆదాయపు పన్ను సైటులో ట్రస్టు పాన్ కొట్టి చూసుకోవచ్చు. తర్వాత వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం: ఫలానావారి జ్ఞాపకార్థం వచ్చిన విరాళాలు డయాలసిస్ రోగుల దారి ఖర్చులకే వాడతాం, ఫలానా నెలలోగా ఎంత మందికి ఎంత ఇచ్చామో రాసిస్తాం అని. ఆ ఉత్తరం ఇవ్వడానికి నసిగే ట్రస్టు మనకొద్దు.

ఆ ఉత్తరంలోనూ రసీదులోనూ "కార్పస్" అన్న మాట రాకుండా చూసుకోండి. కార్పస్ అంటే మూలధనం. దాన్ని డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడాలి. ఆటో ఖర్చుకని జనం ఇచ్చింది బ్యాంకులో కూర్చుంటుంది. అలవాటు కొద్దీ గుమస్తా ఆ డబ్బాలో టిక్ పెట్టేస్తాడు.

క్యూఆర్ కోడ్ ట్రస్టుదే ఉండాలి, స్కాన్ చేయగానే ట్రస్టు పేరు కనపడాలి. రిమార్క్స్‌లో వేయడానికి నాన్నగారి పేరుతో చిన్న కోడ్ పెట్టుకోండి, లేకపోతే ఏది మీ ద్వారా వచ్చిందో వాళ్లకి తెలియదు. ఇచ్చేవాళ్ల పేరు, చిరునామా, పాన్ ఒక గూగుల్ ఫారంలో తీసుకోండి. ఊరూపేరూ లేని విరాళాలు ఒక పరిమితి దాటితే ట్రస్టే వాటి మీద పన్ను కట్టాలి. నగదు రూ.2,000 దాటితే ఇచ్చినవాళ్లకి మినహాయింపు రాదు.

పన్ను మినహాయింపు అని మరీ ఊదరగొట్టకండి. మామూలు ట్రస్టులకి ఇచ్చినదాంట్లో సగానికే, అదీ ఆదాయాన్ని బట్టి ఉన్న పరిమితిలో. పదివేలిచ్చి 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి మిగిలేది వెయ్యి చిల్లర. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలు ఏమీ రాదు. సర్టిఫికెట్ కూడా ఆర్థిక సంవత్సరం ముగిశాకే వస్తుంది, జనవరిలో ఆఫీసులో చూపించడానికి కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. జనం నోట్లో ఇంకా 80జీనే ఆడుతోంది కాబట్టి నేనూ అలాగే అంటున్నా. మారథాన్ ఎంట్రీ ఫీజు విరాళం కిందకి రాదు.

అమెరికా చుట్టాల దగ్గర చూడాల్సింది ఊరు కాదు, పాస్‌పోర్టు. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లు పంపితే విదేశీ విరాళం కాదు, ట్రస్టు మామూలు ఖాతాలోకి పంపొచ్చు. పాస్‌పోర్టు కాపీ మాత్రం ట్రస్టుకి ఇవ్వాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే. "నీకు పంపిస్తా, నువ్వు కలిపి ఇచ్చేయ్" అంటారు. వద్దని చెప్పండి. ఇరుక్కునేది ట్రస్టు.

సోంపేట_అబ్బాయి:

అందరికీ దండాలు. మిషన్ సంగతి చిన్నాన్నకి చదివి వినిపించా, 120 లీటర్ల దగ్గర మెత్తబడ్డాడు. రెండు ప్రశ్నలు మిగిలాయి. జనాన్ని ఎప్పుడు, ఎలా అడగాలి? తద్దినం తిథి రేసు ముందురోజే వస్తే?

నెమ్మది_పరుగు:

రేసుకి ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. అంతకంటే ముందైతే మర్చిపోతారు. అప్పటికి మీరు 16, 17 కి.మీ.లో ఉంటారు, ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకముందు దగ్గరివాళ్లు పదిమందికి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఖాళీ పేజీకి ఎవరూ మొదటి రూపాయి వేయరు. తర్వాత వచ్చేవాళ్లు ముందున్న అంకె చూసి దాని చుట్టుపక్కలే ఇస్తారు. అందుకే మొదటి ఇద్దరు ముగ్గురూ ఎవరన్నది ఆలోచించుకోండి.

మెసేజీ ఇలా ఉంటే చాలు: "డిసెంబరులో విశాఖలో నాన్నగారి పేరు మీద 21 కి.మీ. పరిగెడుతున్నాను. పలాస చుట్టుపక్కల ఒక డయాలసిస్ రోగి ఆసుపత్రికి వెళ్లిరావడానికి రోజుకి రూ.300, వారానికి రూ.900 అవుతుంది. ఒక వారం మీరు చూసుకుంటారా? డబ్బు నేరుగా ట్రస్టు ఖాతాకే. క్యూఆర్ కింద ఉంది." ఫోటో ఒకటి. అంతే. జబ్బు చరిత్రంతా రాయకండి, తెలిసినవాళ్లకి తెలుసు. మొదటిరోజు, పదిహేను రోజులకి, రేసు ముందురోజు, రేసయ్యాక పతకం ఫోటోతో, మొత్తం నాలుగుసార్లు చాలు. ఎక్కువ డబ్బు తరచుగా చివరి రెండు సార్లలోనే వస్తుంది. కాబట్టి రేసయ్యాక ఇంకో వారం క్యూఆర్ తెరిచే ఉంచండి.

తిథి సంగతి ఇప్పుడే పంచాంగం చూపించుకోండి. చాంద్రమానం కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది, మధ్యలో అధికమాసం పడితే పందొమ్మిది రోజుల దాకా వెనక్కి పోతుంది. ఎంట్రీ కట్టకముందే తెలియాలి. నిజంగా ముందురోజే వస్తే కార్యక్రమం సోంపేటలో పెట్టుకుని రాత్రి రైల్లో విశాఖ చేరి తెల్లారుజామున పరిగెత్తడం వద్దు. ఒంటిపూట భోజనం, రోజంతా కూర్చోవడం, నిద్ర లేకపోవడం, మూడూ కలిస్తే 15వ కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగిపోతాయి. అప్పుడు హాఫ్ వదిలేసి 10 కి.మీ.కి మారండి, విరాళం ఇచ్చినవాళ్లెవరూ తిరిగి అడగరు. బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం) పంచే ఎక్స్‌పో సాధారణంగా రేసుకి ముందే ముగుస్తుంది, మీరు రాలేకపోతే ఇంకొకరు తీసుకోవచ్చా అన్నది నిర్వాహకుల నిబంధనల్లో చూసుకోండి.

రంగుల_అచ్చు:

టీషర్టు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ఫోటో ఛాతీ మీద వేయిస్తారు, రేసు రోజు దాని మీద బిబ్ కాగితం పెట్టి నాలుగు మూలలా పిన్నులు గుచ్చుతారు. నాన్నగారు నంబరు వెనకాల. బిబ్ ముందువైపే ఉండాలన్నది నియమం, దానికి వెనక టైమింగ్ చిప్ ఉంటుంది కాబట్టి మడవకూడదు కూడా. అందుకే ఫోటో వీపు మీద వేయించండి. వెనకొచ్చేవాళ్లు పరుగంతా చూస్తారు, వివరం అడుగుతారు. క్యూఆర్ టీషర్టు మీద వద్దు. చెమట బట్ట ముడతల్లో అది స్కాన్ అవ్వదు.

కాటన్ వద్దు, తడిసి బరువెక్కుతుంది. తెల్ల లేదా లేత రంగు పాలిస్టర్ మీద సబ్లిమేషన్ అచ్చు అడగండి. రంగు దారంలోకి దిగుతుంది, గాలి ఆడుతుంది. షాపువాళ్లు త్వరగా అవుతుందని ప్లాస్టిక్ స్టిక్కర్ లాంటిది వేడితో అంటిస్తారు. ఏ4 సైజు స్టిక్కర్ అంటే వీపు మీద ఏ4 సైజు రెయిన్‌కోటు. వేలితో గీరితే పొర తగిలితే అదే. సబ్లిమేషన్ ముదురు రంగు బట్ట మీద పడదు, ముందే తెలుసుకోండి.

ఫోటో విషయంలో అందరూ చేసే తప్పు, గోడ మీద దండ వేసి ఉన్న ఫ్రేముని ఫోన్‌తో తీసి పంపడం. అద్దంలో ట్యూబులైటూ, ఫోన్ పట్టుకున్న మీ చెయ్యీ కూడా అచ్చవుతాయి. ఫ్రేము వెనక మేకులు తీసి, ఫోటో బయటికి తీసి స్కానర్ మీద పెట్టించండి. పాస్‌పోర్టు సైజైతే 1200 డీపీఐ, పెద్దదైతే 300 చాలు. పాత ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, రంగు ఊడి అద్దానికే ఉండిపోతుంది. అలా ఉంటే అద్దంతో పాటే స్కాన్ చేయించండి. అచ్చుకి ముందు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే కుదించేస్తుంది.

రెండుసార్లు ఉతికి, 13 కి.మీ. ఆదివారం అదే టీషర్టుతో పరిగెత్తి చూడండి. కొత్త పాలిస్టర్ చంకల కింద, ఛాతీ మొనల దగ్గర రాసుకుని రక్తం వస్తుంది, అక్కడ వాజలైన్ గానీ మైక్రోపోర్ టేపు గానీ. పిన్నులు మీవే ఎనిమిది తీసుకెళ్లండి. అక్కడ నాలుగే ఇస్తారు, అందులో ఒకటి వంగి ఉంటుంది.